నరమామిడిని చంపింది గొడ్డలి కాదు, కాటా



పోస్ట్ పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, సగం చదివి మాత్రం తిట్టొద్దు.

కొన్ని రోజులుగా మన గ్రూపులో నరమామిడి చెక్క మీద గొడవ నడుస్తోంది. ఒక పక్క, "మనోళ్లే చెట్లను నిలువునా ఒలిచి చంపేస్తున్నారు, చెక్క కొట్టడం పూర్తిగా ఆపించాలి, కొట్టినోళ్ల మీద కేసులు పెట్టాలి" అనేవాళ్లు. ఇంకో పక్క, "అడవి మనది, చెట్టు మనది, కొట్టుకుంటామో ఉంచుకుంటామో మన ఇష్టం, అడగడానికి వీళ్లెవరు?" అనేవాళ్లు. లైకులు ఇద్దరికీ బాగానే పడుతున్నాయి. నేను ఇద్దరితోనూ వాదించడానికే వచ్చాను. మొదటి మాట మన కడుపు కొడుతుంది. రెండో మాట మన అడవిని కొడుతుంది. రెండింటి వల్లా బాగుపడేది సంతకు కాటా పట్టుకుని వచ్చేవాడు ఒక్కడే.

ముందు ఈ చెట్టు ఏంటో చెప్పుకుందాం. ఎందుకంటే హాస్టళ్లలో పెరిగిన మన తరానికి చెక్క రేటు తెలిసినంతగా చెట్టు తెలీదు.

నరమామిడికి పేరులో మామిడి ఉంది గానీ అది మామిడి జాతి కాదు. దాల్చినచెక్క, బిర్యానీ ఆకు, కర్పూరం చెట్టు ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. ఆకు నలిపి చూడండి, వాసన వస్తుంది. శాస్త్రం పేరు లిట్సియా గ్లూటినోసా. గ్లూటినోసా అంటే జిగురుగా ఉండేది అని. బెరడు దంచి నీళ్లు పోస్తే ఎంత జిగట వస్తుందో మన ఇళ్లలో పెద్దోళ్లను అడగండి. ఆ జిగటలోనే ఉంది దీని విలువంతా. కాలు బెణికితే, చెయ్యి తప్పుకుంటే ఈ చెక్క నూరి మందంగా పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టడం మన కొండల్లో ఎప్పట్నుంచో ఉంది. విరేచనాలు, జిగట విరేచనాలు అయినప్పుడు లోపలికి కూడా ఇస్తారు. మైదాన ప్రాంతం మందుల కొట్లలో ఇదే చెక్కను మైదా లకడీ అంటారు. యునానీ వాళ్లూ వాడతారు, ఆయుర్వేదం వాళ్లూ వాడతారు. (ఒక మాట మధ్యలో: బెణుకుకి పట్టు సరే. ఎముక విరిగిందని అనుమానం ఉంటే మాత్రం ముందు ఎక్స్‌రే తీయించండి. మన వైద్యం మీద గౌరవం ఉండటం వేరు, పిల్లాడి చెయ్యి వంకరపోయేదాకా కూర్చోవడం వేరు.)

ఇక్కడ ఒక్కటి గమనించండి. పట్టు వెయ్యడానికి ఎంత చెక్క కావాలి? అరచెయ్యంత ముక్క. మన దిసారి గానీ, ఎజ్జోడు గానీ, ఊరి గురువు గానీ మందు కోసం చెట్టు దగ్గరకు వెళ్తే ఒక పక్క చిన్న ముక్క తీసుకుని వచ్చేస్తాడు. చెట్టుకి అది చిన్న గాయం, మానిపోతుంది. ఎన్ని తరాలు వాడినా చెట్టు మిగిలింది అంటే కారణం ఇదే. మన తాతలు అంతా మహానుభావులు, మనం అంతా పాపాత్ములం అని కాదు. వాళ్లకు కావలసింది కొంచెం, అడవి పెద్దది. ఆ లెక్క ఇప్పుడు తిరగబడింది.

ఎవరు తిరగేశారు? అగరుబత్తి.

అగరుబత్తి ఎలా తయారవుతుందో చాలామందికి తెలీదు. వెదురు పుల్ల ఉంటుంది. దాని మీద బొగ్గు పొడి, చెక్క పొడి కలిపిన పిండి ఉంటుంది. ఆ పిండి పుల్లకు అంటుకోవాలన్నా, ఆరాక రాలిపోకుండా ఉండాలన్నా, సమంగా కాలాలన్నా దాంట్లో ఒక జిగురు పొడి కలపాలి. దాన్ని వ్యాపారంలో జిగట్ అంటారు. మనం జిగట అంటాం, వాళ్లు జిగట్ అంటారు, పెద్ద తేడా ఏం లేదు. ఆ జిగట్‌కు ముఖ్యమైన ముడిసరుకుల్లో ఒకటి మన నరమామిడి బెరడు. పుల్ల ఆరాక సెంటులో ముంచుతారు. మల్లె వాసన, గంధం వాసన, ఏ వాసన కావాలంటే ఆ వాసన. తర్వాత రంగు రంగుల డబ్బా, దేవుడి బొమ్మ, కంపెనీ పేరు. వాసన వాళ్లది, పట్టు మనది. వాసనకు ధర ఉంది, పేరుంది, టీవీలో ప్రకటన ఉంది. పట్టుకు పేరు కూడా లేదు.

ఈ వ్యాపారం ఎంత పెద్దదో అంకెల్లో చూడండి. 2020లో కేంద్ర ప్రభుత్వం, ఖాదీ కమిషన్ చెప్పిన లెక్క ప్రకారం దేశంలో అగరుబత్తి వాడకం రోజుకు సుమారు 1,490 టన్నులు. దేశంలో తయారయ్యేది రోజుకు 760 టన్నులు మాత్రమే. మిగతాది ఎక్కడిది? ఎక్కువగా వియత్నాం, చైనా నుంచి. పచ్చి అగరుబత్తి దిగుమతి 2009లో 31 కోట్ల రూపాయలు ఉంటే 2019 నాటికి 546 కోట్లు అయ్యింది. మధ్యలో 2011లో దిగుమతి సుంకం 30 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. ఆ దెబ్బకు ఇక్కడ ఇళ్లలో కూర్చుని పుల్లలు చుట్టే ఆడవాళ్ల పని పోయింది. చివరికి 2019 ఆగస్టులో అగరుబత్తి దిగుమతి మీద ఆంక్షలు పెట్టారు, 2020లో వెదురు పుల్లల మీద సుంకం 10 నుంచి 25 శాతానికి పెంచారు. ఆత్మనిర్భర్ అన్నారు, మెషిన్లు ఇచ్చారు, మంచిదే. కానీ పుల్ల గురించి ఆలోచించారు, మెషిన్ గురించి ఆలోచించారు. పిండిని పుల్లకు పట్టి ఉంచే చెక్క ఎక్కడి నుంచి వస్తుంది, ఆ చెట్టు ఎవరి కొండ మీద ఉంది, దాన్ని ఎవరు ఒలుస్తున్నారు, వాళ్లకేం ముడుతోంది, ఇది ఎవరి లెక్కలోనూ కనపడలేదు.

ఇప్పుడు అసలు విషయం. చెట్టు ఎందుకు చస్తోంది?

బెరడు అంటే చెట్టు తొడుక్కున్న చొక్కా కాదు, తీసేసి మళ్లీ తొడగడానికి. ఆకుల్లో తయారైన తిండి వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. చెట్టు చుట్టూ వలయంగా బెరడు తీసేస్తే ఆకులు పచ్చగానే కనిపిస్తాయి, కానీ వేళ్లకు తిండి అందదు. కొంత కాలానికి నిలబడిన చోటే ఎండిపోతుంది. ఒక పక్క మాత్రమే తీసి మిగతాది ఉంచితే తిండి దారి మిగులుతుంది, గాయం అంచుల నుంచి కొత్త బెరడు మెల్లగా కమ్ముకుంటుంది. ఇంకో సంగతి. నరమామిడిని మొదట్లో నరికినా మోడు నుంచి చిగుర్లు వేస్తుంది. కానీ ఎప్పుడు? మోడుకు బెరడు మిగిలినప్పుడు. మనోళ్లు ఇప్పుడు చేస్తున్నది ఏంటి? నేల నుంచి కొమ్మల దాకా మొత్తం ఒలిచేస్తున్నారు. అంటే చెట్టూ పోయింది, చిగురూ పోయింది. పైగా ఈ చెట్లలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. కొండ మీద నాలుగు చెట్లు మిగిలాయి, పర్లేదులే అనుకోవద్దు. ఆ నాలుగూ మగవే అయితే కాయ లేదు, కాయ లేకపోతే పిట్ట రాదు, పిట్ట రాకపోతే గింజ ఇంకో కొండకు పోదు.

మరి మనోళ్లకు ఇది తెలీదా? బాగా తెలుసు. ఏ చెట్టుకు ఎంత గాటు పెట్టాలో మన పెద్దోళ్లకు ఎవరూ క్లాసులు చెప్పక్కర్లేదు. తెలిసీ ఎందుకు చేస్తున్నారు? ఇక్కడే మొదటి వర్గం వాళ్లతో నా గొడవ.

సంతలో కాటా దగ్గర నిలబడి చూడండి. చెక్కను కిలో లెక్కన కొంటారు. ఒక పక్క జాగ్రత్తగా తీసిన చెక్కకూ, చెట్టును చంపి తీసిన చెక్కకూ ఒకటే రేటు. ఎండిందా, పురుగు పట్టిందా అని అడుగుతారు గానీ చెట్టు బతికుందా అని అడిగేవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు ఒక అక్క ఉంది అనుకోండి. పొద్దున్నే కొండెక్కింది. చెట్టుకు పావు వంతు తీసి మిగతాది వదిలేసి వచ్చింది. ఆ వదిలేసింది రేపటికి ఉంటుందా? మధ్యాహ్నానికి ఇంకొకడు వచ్చి మిగతా ముప్పావు ఒలుచుకుని పోతాడు. వాడు చెడ్డోడని కాదు. వాడు తియ్యకపోతే పక్క ఊరి వాడు తీస్తాడని వాడికి భయం. చెట్టును బతికించిన అక్కకు కాటా దగ్గర పావు డబ్బులు, చంపినోడికి ముప్పావు డబ్బులు. ఇలాంటి కాటా ముందు నిలబెట్టి, "గిరిజనులకు అడవి మీద ప్రేమ లేదు" అంటే ఎలా? ప్రేమకు కాటాలో తూకం లేదు.

మా మండలంలో ఒక సంతకు వచ్చే కొనుగోలుదారుడు ఉన్నాడు. పచ్చి చెక్క తెస్తే తేమ కింద కోత, ఎండు చెక్క తెస్తే దుమ్ము కింద కోత, రెండూ లేకపోతే సంచి బరువు కింద కోత. ఉప్పు, ఎండు చేప, నూనె అప్పు కింద ముందే ఇచ్చి ఉంటాడు, అప్పు చెక్కతోనే తీరాలి. వానాకాలం, ఇంట్లో గింజలు అయిపోయిన నెలల్లో అప్పిచ్చినోడు చెక్క అడిగితే, చెట్టు గురించి ఆలోచించే స్థితిలో ఎవరుంటారు? "కేసులు పెట్టండి" అని రాసిన తమ్ముడూ, కేసు ఎవరి మీద పడుతుందో తెలుసా? ఆ అక్క మీద. లారీ మీద కాదు, గోడౌన్ మీద కాదు, ఫ్యాక్టరీ మీద అసలే కాదు. నిషేధం పెడితే చెక్క కొట్టడం ఆగదు, రాత్రి పూట కొడతారు. రాత్రి కొట్టేవాడు ఇంకా తొందరగా, ఇంకా మొరటుగా కొడతాడు. దొంగసరుకు అయ్యేసరికి రేటు ఇంకా పడిపోతుంది, అదే డబ్బు కోసం ఇంకో రెండు చెట్లు పోతాయి. నిషేధం చెట్టును కాపాడదు, షావుకారి బేరాన్ని కాపాడుతుంది.

చట్టం కూడా నిషేధం వైపు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) చదవండి. సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఉంది. సేకరించుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 2012లో సవరించిన నిబంధనల్లో ఇంకా స్పష్టంగా ఉంది: నిల్వ చేసుకోవచ్చు, పొడి కొట్టుకోవచ్చు, బండి మీద అడవి బయటకు తీసుకుపోవచ్చు. దానికి రవాణా పర్మిట్ ఇచ్చేది గ్రామసభ పెట్టిన కమిటీ. అంతకు పదేళ్ల ముందే 1996 పెసా చట్టం కూడా చిన్న తరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. మన రాష్ట్రంలో పెసా నిబంధనలు రావడానికి 2011 దాకా పట్టింది, అది వేరే బాధ.

సరే, ఇప్పుడు రెండో వర్గం అన్నలూ, మీ వంతు.

"చట్టం మనదే అంటోంది కదా, ఇంకేంటి, మన ఇష్టం" అంటున్నారు. అదే చట్టం ఇంకో రెండు పేజీలు తిప్పండి. సెక్షన్ 5 ఏం చెప్తోంది? అడవిని, అడవి జంతువుల్ని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఉంది. సామూహిక అడవిని ఎలా వాడుకోవాలో కట్టడి చేసే అధికారం గ్రామసభకు ఉంది. ఆ నిర్ణయాలు అమలయ్యేలా చూడాల్సింది కూడా గ్రామసభే. సెక్షన్ 3(1)(ఐ) ప్రకారం సామూహిక అడవిని రక్షించుకునే, తిరిగి పెంచుకునే, నిర్వహించుకునే హక్కు కూడా మనదే. అంటే చట్టం "మీ ఇష్టం" అని మనిషి మనిషికీ విడివిడిగా చెప్పలేదు. "మీ ఊరి ఇష్టం" అని చెప్పింది. మనకూ మొదట్నుంచీ ఉన్నది ఊరి ఇష్టమే కదా! కొత్త పండగ చెయ్యకుండా కొత్త పంట ముట్టం. మామిడి కొత్త చేసేదాకా మామిడికాయ కోయం. ఆ కట్టుబాటు పెట్టింది ఏ ఫారెస్టు రేంజరూ కాదు, మన ఊరే. కాయకు ఉన్న కట్టుబాటు బెరడుకు ఎందుకు లేదు? ఎందుకంటే మన తాతల కాలంలో బెరడుకు లారీ రాలేదు. అవసరం లేని చోట కట్టుబాటు పుట్టదు. ఇప్పుడు లారీ వచ్చింది, కట్టుబాటు పెట్టుకోవలసింది మనమే. "మన ఇష్టం" అని ఎవడికి వాడు కొట్టుకుంటూ పోతే అది మన ఇష్టం కాదు, కాటా ఇష్టం.

"అన్నా, ఇవన్నీ చెప్పడానికి బాగుంటాయి, ఎక్కడైనా జరిగిందా?" అంటారు. జరిగింది. మూడు చోట్ల సంగతి చెప్తా.

ఒకటి, మన దగ్గరే. తపసి బంక. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి బంక తీసేవాళ్లు, చెట్లు చచ్చేవి, బంకలో బెరడు ముక్కలు, మట్టి ఉండేవి, గ్రేడ్ పడిపోయేది. తర్వాత చిన్న పనిముట్లతో పైపైన కొంచెం మేర చెక్కడం, శుభ్రంగా తీయడం, గ్రేడు కట్టడం మన ఏజెన్సీలోనే నేర్పారు, నేర్చుకున్నారు. శుభ్రమైన బంకకు ఎక్కువ రేటు ఇచ్చారు కాబట్టి పద్ధతి మారింది. గొప్ప ఉపన్యాసాలు విని మారలేదు, కాటా మారింది కాబట్టి చెయ్యి మారింది. బంకకు చేసింది చెక్కకు ఎందుకు చెయ్యలేరు? 1956లో మన కోసమే పెట్టామని చెప్పుకునే జీసీసీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. అటవీ ఉత్పత్తులు కొనే హక్కు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో తనకే ఉందని 1979 రెగ్యులేషన్ చూపించినన్నాళ్లూ చూపించారు. హక్కు ఉన్నప్పుడు బాధ్యత కూడా ఉండాలి కదా.

రెండు, గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖా. గోండుల ఊరు. సామూహిక అటవీ హక్కు పత్రం సంపాదించుకున్నారు, 2011లో వెదురు రవాణా పాసుల అధికారం గ్రామసభే చేతిలోకి తీసుకుంది. ఎంత కొట్టాలో, ఎక్కడ కొట్టాలో, ఎవరికి అమ్మాలో ఊరు కూర్చుని తేల్చుకుంది. మన కంటే వాళ్లేం ఎక్కువ చదువుకున్నోళ్లు కాదు. ఓపిగ్గా కూర్చున్నారు, అంతే.

మూడు, వియత్నాం. ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇది మన చెట్టే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఈ చెట్టుకు యూరప్ శాస్త్రవేత్తలు మొదట పేరు పెట్టింది అక్కడి నుంచే, 1790లో. అక్కడి మధ్య ఎత్తు కొండల్లో, గియాలాయ్ అనే ప్రాంతంలో కొండజాతుల రైతులు నరమామిడిని తమ సొంత మెట్టల్లో కర్రపెండలంతో కలిపి సాగు చేస్తారు. మొదటి సంవత్సరాల్లో దుంప పంట చేతికొస్తుంది, ఈలోపు చెట్టు ఎదుగుతుంది. చెట్టు ముదిరాక నరికి బెరడు తీస్తారు, మోడు నుంచి మళ్లీ చిగుర్లు వస్తాయి, వాటిని పెంచుతారు. శ్రీలంకలో దాల్చినచెక్క రైతులు చేసేదీ ఇదే: కొమ్మ కోసి బెరడు తీస్తారు, మోడును బతికిస్తారు. అదే చెట్టు అక్కడ పంట, ఇక్కడ దొంగసరుకు. మన కొండ మీద చెట్టును మనం ఒలిచి చంపుకున్నాం, ఆ పక్క మన దేశం వియత్నాం నుంచి అగరుబత్తి దిగుమతి చేసుకుంది. ఇంతకంటే సిగ్గు ఇంకేముంటుంది? ఈ సిగ్గు ఆ అక్కది కాదు. పాడేరు, రంపచోడవరం, సీతంపేట ఐటీడీఏల్లో ఇన్నేళ్లుగా తోటల పథకాలు రాసినోళ్లది. కాఫీకి నీడ కావాలంటే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ గుర్తొచ్చింది గానీ, గట్ల మీద నాలుగు నరమామిడి మొక్కలు పెట్టిద్దామన్న ఆలోచన రాలేదు.

ఇంకో విషయం, ఇది నేరుగా మనకు, అంటే ఫోన్లు పట్టుకున్న మనకు. ఈ మధ్య మన పిల్లలు ఊరి గురువుల దగ్గరకెళ్లి "ఈ చెక్కలో ఏం కలుపుతారు, ఎంత కలుపుతారు" అని అడిగి రీల్స్ చేసి పెడుతున్నారు. మంచి మనసుతోనే చేస్తున్నారు, మన వైద్యం గొప్పదని చూపించాలని. కానీ చట్టం ఎటు పోతోందో చూడండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కంపెనీలు మన వనరులు వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వాలి. మేం దేశీయ కంపెనీ, మాకు వర్తించదు అని ఒక మందుల కంపెనీ కోర్టుకెళ్తే, 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు కాదు, ఇవ్వాల్సిందే అని చెప్పింది. ఆ తర్వాత ఏమైంది? 2023లో చట్టాన్నే సవరించారు. గ్రంథాల్లోకెక్కిన సంప్రదాయ జ్ఞానం వాడితే వాటా ఇవ్వక్కర్లేదని మినహాయింపు పెట్టారు. అంటే పుస్తకంలో ఉన్నది అందరిదీ, నోట్లో ఉన్నది ఇంకా మనది. నరమామిడి చెక్క సంగతి సగం ఆల్రెడీ పుస్తకాల్లోకి పోయింది. మిగతా సగం, అంటే మన దిసారుల దగ్గరున్న కలయికలు, మోతాదులు, అవి ఎవరు ఎప్పుడు రాయాలో, ఎంత రాయాలో గ్రామసభ తేల్చాలి. అటవీ హక్కుల చట్టం 3(1)(కె) ఆ జ్ఞానం మీద సామూహిక హక్కు మనదే అంటోంది. లైకుల కోసం దాన్ని పారబోయొద్దు. గురువు దగ్గర నేర్చుకోవాలంటే చెప్పులు బయట వదిలి, ఫోన్ జేబులో పెట్టి కూర్చోండి.

సరే, తిట్టడం అయ్యింది. చెయ్యాల్సింది చెప్పకుండా తిట్టి వెళ్లిపోతే నేనూ ఆ కొనుగోలుదారుడిలాంటోణ్ణే. పండగ సెలవులకు ఇళ్లకు వెళ్తాం కదా. అప్పుడు ప్రతి ఊళ్లో చెయ్యగలిగినవి ఇవి.

మొదటిది, ఊళ్లో సామూహిక హక్కు పత్రం ఉందా, ఎవరి పేరు మీద ఉందో చూడండి. మన రాష్ట్రంలో చాలాచోట్ల గ్రామసభ పేరు మీద ఇవ్వాల్సిన పత్రాలు వన సంరక్షణ సమితుల పేరు మీద ఇచ్చేశారు. అవి సరిచెయ్యమని గ్రామసభ తీర్మానం రాయించండి. ఇది లేకుండా మిగతావి గాలి మాటలే.

రెండోది, చెట్ల లెక్క. డిగ్రీలో బోటనీ చదివేవాళ్లు వంద మంది ఉన్నాం ఈ గ్రూపులో. రికార్డు బుక్కులో ఎవరికీ పనికిరాని ఆకులు అతికిస్తాం. మీ ఊరి కొండ మీద నరమామిడి ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఒలిచారు, ఎన్ని ఎండాయి, కాయ కాసేవి ఎన్ని, నోట్ బుక్కులో రాయండి. లెక్క లేని చోట ఫారెస్టోళ్ల మాటే నిజం అయిపోతుంది.

మూడోది, కట్టుబాటు. చెట్టు చుట్టుకొలతలో పావు వంతు మించి బెరడు తియ్యొద్దు. ఉదాహరణకు చుట్టుకొలత 80 సెంటీమీటర్లు ఉంటే 20 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ, అంతే, అదీ నిలువుగా. గాయం మానేదాకా ఆ చెట్టు జోలికి పోవద్దు. లేత చెట్టును ముట్టొద్దు. ప్రతి కొండ మీదా కాయ కాసే చెట్లు కొన్ని, వాటి దగ్గర మగ చెట్లు కొన్ని గుర్తుపెట్టి అసలు ముట్టకుండా వదలాలి. నరకాల్సి వస్తే మోడుకు బెరడు ఉంచి నరకాలి. తప్పినోడికి జరిమానా ఎంతో ఊరే తేల్చాలి, ఆ డబ్బు మొక్కలకే పోవాలి.

నాలుగోది, చెక్క అమ్మొద్దు, పొడి అమ్ముదాం. ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టడం రాకెట్ పని కాదు. వన్ ధన్ కేంద్రాలు 2018 నుంచి ఉన్నాయి, మరి ఆ మిషన్లు ఎక్కడున్నాయో, తాళం ఎవరి దగ్గరుందో అడగండి. పొడికి గ్రామసభ ముద్ర ఉండాలి. ముద్ర లేని చెక్క జీసీసీ కొనకూడదు, ముద్ర ఉన్న పొడికి ఎక్కువ రేటు ఇవ్వాలి. ఇదే మనం పట్టుకోవాల్సిన అసలు డిమాండ్.

ఐదోది, మొక్క. గింజ తాజాగా ఉన్నప్పుడే నాటాలి, నిలవ ఉంచితే మొలకెత్తడం కష్టం. నర్సరీలు మనకు ఇవ్వకపోతే హాస్టల్ వెనక మనమే పెట్టుకోవచ్చు. పట్టా ఉన్న పోడు గట్ల మీద ఇంటికి పది మొక్కలు చాలు మొదలెట్టడానికి.

"ఇవన్నీ అయ్యేదాకా ఆ అక్క ఏం తినాలి?" అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాలి కూడా. అందుకే నేను ఆపేయమనట్లేదు, పావు తియ్యమంటున్నా. ఈ సంవత్సరం చెట్టంతా ఒలిస్తే ఒక్కసారి డబ్బు. వచ్చే సంవత్సరం ఇంకో కొండ దాటి వెళ్లాలి, ఆ తర్వాత ఇంకో కొండ. ఇప్పటికే చెక్క కోసం ఎంత దూరం నడుస్తున్నారో ఇంట్లో అడగండి. పదేళ్ల కిందట ఎంత దూరం నడిచారో కూడా అడగండి. ఆ రెండు దూరాల మధ్య తేడాయే మన నష్టం. ఆ నష్టాన్ని కాటా తూచదు కాబట్టి మనమే తూచుకోవాలి.

కామెంట్లలో నన్ను తిట్టడానికి ముందు ఒక్క పని చెయ్యండి. మీ ఊరి పేరు, మీ కొండ మీద బతికున్న నరమామిడి చెట్ల సంఖ్య రాయండి. తెలీకపోతే తెలుసుకుని వచ్చి రాయండి. ఆ తర్వాత ఎంత వాదించుకున్నా అది మన అడవి మీద వాదన అవుతుంది. లేదంటే అది ఉత్త ఫోన్ మీద వాదన.

జై ఆదివాసీ.